కార్నెల్ 77 లైవ్ ఆల్బమ్: అతుకు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు

నిజం చెప్పాలంటే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ అంటే నాకు మొదట్నించీ పడేది కాదు. పావుగంట సేపు గిటార్లు గోకుతూ కూర్చుంటారు, పాట ఎక్కడికీ కదలదు అనుకునేవాడ్ని. ఈ ఒక్క షో విని అప్పుడు తిట్టు అని ఫ్రెండొకడు ప్రాణం తీస్తే మూడు సీడీల సెట్ కొన్నా.

1977 మే 8, న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్. మే నెలలో బయట మంచు పడిందట! ఇది అఫీషియల్‌గా బయటికొచ్చింది 2017లో, అంటే నలభై ఏళ్ళకి, ఈలోగా ఫ్యాన్స్ మాత్రం క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించుకుంటూ కంఠస్థం పట్టేశారు. 2012లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు భద్రపరచాల్సిన రికార్డింగుల్లో దీన్నీ చేర్చారు. అంత గొప్పదా అంటే, మర్నాడు బఫెలోలో వాయించిందే ఇంకా బాగుంటుందని కొట్టుకునేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ తెగేది కాదు.

సౌండ్ మాత్రం వంక పెట్టలేం. రికార్డ్ చేసింది బెట్టీ కాంటర్ అనే ఆవిడ, ఫిల్ లెష్ బేస్ గిటార్ ఒక్కో నోటూ హెడ్‌ఫోన్స్‌లో గుండ్రంగా, విడివిడిగా వినిపిస్తుంది, ఇద్దరు డ్రమ్మర్లున్నా గజిబిజి లేదు.

మొదటి సగం బానే ఉంది, అంతే. బ్యాండ్‌లో పాడే డోనా గొంతు ఒకట్రెండు చోట్ల పక్కకి జారింది, అది నాకు ప్రతిసారీ పంటి కింద రాయిలా తగుల్తుంది.

అసలు సరుకు రెండో సగంలో. స్కార్లెట్ బెగోనియాస్ మొదలెట్టి ఆపకుండా ఫైర్ ఆన్ ద మౌంటెన్‌లోకి వెళ్తారు, రెండూ కలిపి పాతిక నిమిషాలు పైనే. రెండోది అప్పటికి స్టేజీ ఎక్కి రెండు నెలలు కూడా కాలేదు, ఏ ఆల్బమ్‌లోనూ రాలేదు. మొదటి పాట చివర్లో వాయించేదీ రెండో పాటా ఒకే స్కేల్ మీద నడుస్తాయి, రెండో దానికైతే ఉన్నవే రెండు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), అందుకే ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారిపోవచ్చు. సరే తెలిసింది కదా అని ఆ అతుకు పట్టుకుందామని కూర్చున్నా, బేస్ కొంచెం నడక మార్చినట్టుంటుంది, గార్సియా గిటార్ ఇంకా పాత పాటలోనే తిరుగుతుంటుంది, డ్రమ్ములు ఎటూ చెప్పవు, ఇంతలో చూస్తే మనం కొత్త పాటలో ఉన్నాం, వెనక్కి తిప్పి విన్నా అంతే. మన కచేరీల్లో మనోధర్మం అంటారే, అది ఒక్కరు కాకుండా అందరూ ఒకేసారి చేస్తే ఇలా ఉంటుందేమో.

ఇంకొన్ని పాటల తర్వాత మార్నింగ్ డ్యూ. అణుయుద్ధం అయిపోయాక మిగిలిన మనుషులు మాట్లాడుకునే పాట. చివర్లో గార్సియా ఒకే చోట తీగల్ని గబగబా గీకుతూ పోతాడు, బ్యాండ్ మొత్తం అతని వెనకాలే లేస్తుంది, ఇంక చాలు బాబోయ్ అనిపించాక కూడా ఇంకా పైకి తీసుకెళ్తారు. మొదటిసారి విన్నప్పుడు గిన్నెలు కడుగుతున్నా, కుళాయి కట్టేసి నిలబడిపోయా.

దాని తర్వాత ఎన్‌కోర్, అంటే షో అయ్యాక మళ్ళీ వచ్చి వాయించే పాట, ఒకటుంది, హుషారుగానే ఉంటుంది. నేను మాత్రం డ్యూ అవ్వగానే ఆపేస్తా.