జాగ్రత్త: ఆటోనగర్‌లో ‘ఆర్మీ అంబులెన్స్’ అని చూపించే పచ్చ డీజిల్ వ్యాన్ కొనకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల క్యాంపర్ (లోపలే పడుకుని, వండుకునే బండి) కట్టించుకుందామని పాత మిలటరీ వ్యాన్ వెతుకుతున్న వాళ్లంతా దయచేసి ఇది చదవండి. మొన్న తేలిన సంగతి ఇది. కోపం ఇంకా చల్లారలేదు, వరస తప్పితే సర్దుకోండి.

ఆర్మీ వేలం బళ్లని చెప్పి వరసగా నిలబెట్టే ఆ యార్డు ఈ సరదా ఉన్న వాళ్లందరికీ తెలిసిందే. పేరు రాయను. నేను అక్కడ కొన్నది టాటా 407 ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం), వెనక అంబులెన్స్ బాడీ, పచ్చ రంగు, బంపర్ మీద బాణం గుర్తుతో నంబరు. బండికి 3,80,000, పక్కనే ఉన్న వాళ్ల షెడ్డులో క్యాంపర్ పనికి అడ్వాన్సు 1,50,000. అంతా నగదే. బిల్లు రిజిస్ట్రేషన్ అయ్యాక ఇస్తామన్నారు. ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్) జిరాక్సు చేతిలో పెట్టి, ఒరిజినల్ ఆర్‌టీవో ఆఫీసులో ఉందన్నారు. ఈ మూడింటికీ తలూపాను. అక్కడే ఆగి ఉండాల్సింది.

పై రేకుకి వెంట్ ఫ్యాన్ పెట్టాలంటే 14 అంగుళాల చదరం కోయాలి. కోశాక అంచు చుట్టూ అంగుళం మేర రంగు గీకి, ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే సీలెంట్ పట్టించాలి. పాత రంగు మీద పట్టిస్తే ఎండకి రంగుతో సహా ఊడి వస్తుంది, మొదటి వానకే నీళ్లు దిగుతాయి. మేస్త్రీ ఆ అంచే గీకుతున్నాడు. పచ్చ పోయింది. కింద గ్రే ప్రైమర్. దాని కింద పుట్టీ, వేలి మందాన. దాని కింద నిండు పసుపు. స్కూలు బస్సు పసుపు. కిటికీ రబ్బరు బీడింగ్ లాగితే అక్కడా అదే. తలుపు లోపలి మడతలో నల్ల రంగుతో రాసిన ఫోన్ నంబరు సగం చెరిపి ఉంది.

మేస్త్రీ మొహం చూడలేకపోయాను. అతనికి ముందే తెలుసో లేదో ఇప్పటికీ అర్థం కాలేదు.

వెంటనే ఛాసిస్ నంబరు చూశాం. ముందు కుడి చక్రం పక్కన లాంగ్ మెంబర్ (ఛాసిస్‌లో పొడవాటి దూలం) మీద గ్రీజు తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీశాం. జిరాక్సులో ఉన్న నంబరుకీ దీనికీ చివరి రెండంకెలు కలవలేదు. పైగా ఆ చోట రేకు నున్నగా గ్రైండర్ పట్టి ఉంది, అంకెల వరస ఎగుడుదిగుడు. ఫ్యాక్టరీ పంచ్ అలా ఉండదు. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి.

ఆ ప్రింటు పట్టుకుని యార్డుకి వెళ్తే బండి అమ్మినాయన కుర్చీలోంచి లేవలేదు. “లోపల ఏ రంగుంటే మీకేంటండీ, మీరు పడుకునేది చీకట్లోనేగా” అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. “ఉన్నది ఉన్నట్టు అమ్మాం. చదువుకున్నోళ్లు, చూసుకుని కొనుక్కోవాలి” అన్నాడు. ఇంట్లో పిల్లలకి చూపించి, అరకు ఎప్పుడు వెళ్దామో తేదీలు కూడా అనుకున్న బండి అది. డబ్బుకన్నా ఆ నవ్వే ఎక్కువ గుచ్చుతోంది. దొంగ బండి అంటగట్టిందే కాక, కొన్నవాడిదే తప్పన్నట్టు నలుగురిలో మాట్లాడాడు.

రెండు రోజులు తిరిగితే 2,60,000 వెనక్కి ఇచ్చి బండి లాక్కున్నారు. మిగతా 2,70,000 పోయినట్టే.

ఇంకొకళ్లు మోసపోకూడదు కాబట్టి కాగితాల విషయం వివరంగా రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 60 కింద రక్షణ శాఖ బళ్లకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. బాణం నంబరు దానికి సంబంధించిందే, బాణం తర్వాతి రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. ఆ బండి సైన్యం చేతి నుంచి బయటపడిన రోజే ఆ నంబరుకి విలువ పోతుంది. ఆ తర్వాత మామూలు బండిలాగే ఆర్‌టీవో దగ్గర కొత్తగా రిజిస్టర్ చేయించాలి. అందుకు కేంద్ర మోటారు వాహనాల నిబంధన 47 ప్రకారం ఫారం 21 ఒరిజినల్ ఉండి తీరాలి. వేలంలో కొన్న ఆర్మీ బండికి ఆ ఫారం ఇవ్వాల్సింది రక్షణ శాఖ అధికారి. యార్డు వాడు సంతకం పెట్టిందీ, జిరాక్సూ చెల్లవు. బంపర్ మీద బాణం ఎవడైనా స్టెన్సిల్ పెట్టి కొట్టగలడు. దాన్ని చూసి డబ్బు ఇవ్వడమే నేను చేసిన పెద్ద పొరపాటు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు, వాటిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి పంపాలి. రక్షణ, శాంతిభద్రతల ఆపరేషన్లలో వాడే ప్రత్యేక వాహనాలకి మాత్రమే మినహాయింపు. నాకు చూపించిన బాణం పక్కన 06 ఉంది, అంటే 2006 బండని చెప్పడం. అంత పాత వ్యాన్‌కి ‘కొత్త నంబరు వేయిస్తాం’ అని ఎవరైనా అంటే, డబ్బు ఇవ్వకముందే ఆర్‌టీవో ఆఫీసుకెళ్లి అడగండి.

‘ఆర్‌సీలో క్యాంపర్ అని ఎక్కించి ఇస్తాం’ అన్న మాటా అంతే. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ 2004 కేంద్ర నోటిఫికేషన్‌లో నాన్‌ ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో ఉంది, నిజమే. కానీ బండి నిర్మాణం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి సెక్షన్ 52 ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోటారు క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. షెడ్డులో ఎవరినైనా ఆ పేరు చెప్పి అడిగి చూడండి. నేను అడిగిన రోజు ఒక్కరికీ తెలియదు.

బండి ఒళ్లు కూడా మంచిది కాదు. వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) ఫిల్లర్ ప్లగ్ విప్పితే ఆయిల్ మజ్జిగలా తెల్లగా వచ్చింది. అంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వేడిగా ఉన్న యాక్సిల్ నీళ్లలో మునిగి చల్లబడితే బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీటిని పీల్చుకుంటుంది. తలుపు అడుగు మడతల్లో, హెడ్‌లైట్ డబ్బా వెనక సన్నటి ఒండ్రు ఎండి అట్టకట్టి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బళ్లు మునిగాయో మనందరం చూశాం. ఈ బండి అప్పటిదే అని నేను రుజువు చేయలేను. కానీ ఎక్కడో మునిగిందని మాత్రం ఖాయం. కింద అండర్‌బాడీ కోటింగ్ తాజాగా, తారులా మందంగా కొట్టి ఉంటే అనుమానించండి. స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కాలి. నేను నొక్కితే ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే దూలం, క్రాస్ మెంబర్‌లో అరంగుళం దిగిపోయింది.

ఇక క్యాంపర్ పని. ఒక పక్క గోడ పూర్తి చేశారు, దాని నిండా తప్పులే. రేకుకి నేరుగా గాజు ఉన్ని కుక్కి పైన ప్లై కొట్టారు. అరకులోనో లంబసింగిలోనో చలికాలం రాత్రి పడుకుంటే మనుషుల ఊపిరిలో ఉన్న తేమ చల్లటి రేకుకి తగిలి నీరవుతుంది. గాజు ఉన్ని దాన్ని పట్టి ఉంచి రేకుని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. బయటికి కనబడేసరికి చిల్లులే. రేకుకి సందు లేకుండా అంటించే నైట్రైల్ రబ్బరు షీటు, 19 మిల్లీమీటర్లది, వాడాలి. అది నీళ్లు పీల్చదు, మన మే నెల ఎండకి పైకప్పు వేడిని కూడా ఆపుతుంది.

ప్లై మెరైన్ అని రేటు కట్టారు. మెరైన్ ప్లై మీద ఐఎస్ 710 ముద్ర ఉంటుంది. వాళ్లు కొట్టిన దాని మీద ఐఎస్ 303, అదీ ఎంఆర్ గ్రేడు (కాస్త తేమని మాత్రమే తట్టుకునేది). ఇంట్లో అల్మరాకి సరిపోతుందేమో, నీళ్ల ట్యాంకు పక్కన కాదు. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి నీళ్లలో ఉడకబెట్టండి. అసలైన మెరైన్ ప్లై 72 గంటలు ఉడికినా పొరలు విడిపోకూడదు. ఇది ఒక్క పూటలో పుస్తకంలా విచ్చుకుంది.

అన్నిటికన్నా భయపెట్టింది వైరింగ్. 1000 వాట్ల ఇన్వర్టర్‌కి బ్యాటరీ నుంచి ఇళ్లలో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారు, ఫ్యూజు లేదు. 12 వోల్టుల మీద 1000 వాట్లంటే 83 ఆంపియర్లు, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే 95 దాకా. ఆ తీగ ఇరవై, పాతిక ఆంపియర్లకే వేడెక్కుతుంది. దాన్ని ప్లై వెనక, గాజు ఉన్ని మధ్య పడుకోబెట్టారు. కనీసం 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయాలి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 125 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు ఇన్వర్టర్ దగ్గర పెట్టినా లాభం లేదు, మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయితే దాన్ని ఆపేది ఉండదు. గ్యాస్ సిలిండర్ అరకి అడుగున రంధ్రం పెట్టలేదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ప్లానులో ఆ అర పైనే పిల్లల పడక గీశారు. ఆ బొమ్మ తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

కొనాలనుకునే వాళ్లు ఫారం 21 ఒరిజినల్, మీరు స్వయంగా తీసిన ఛాసిస్ ప్రింటు పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. అది కూడా బ్యాంకు ద్వారా, బిల్లు మీద. ఐదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. హెల్ప్‌లైన్ 1915. నా దగ్గర మిగిలింది ఆ జిరాక్సు, పెన్సిల్ ప్రింటు, ఫోటోలు. వాటితోనే వెళ్తున్నాను.

ఆ బండి మళ్లీ వరసలో నిలబెట్టేస్తారు, రంగు మార్చినా మార్చొచ్చు. గుర్తులు ఇవీ: పైకప్పు మధ్యలో 14 అంగుళాల చదరానికి అతుకు ఉంటుంది, లోపలి లైనింగ్ వైపు నుంచి వెల్డింగ్ గీత తెలుస్తుంది. ఎడమ పక్క వెనక నుంచి రెండో కిటికీ బీడింగ్ మూల కోసి ఉంది, వేలితో ఎత్తితే పసుపు కనబడుతుంది. ఫ్లోర్ కింద డ్రైవర్ వైపు రెండో క్రాస్ మెంబర్‌లో నేను స్క్రూడ్రైవర్ దించిన చిల్లు ఉంది.