నీకోస్ వేగ్: పెద్దయ్యాక జర్మన్ మొదలుపెట్టేవారికి ఎంతవరకు తోడు?

చదువుకో, నర్సు ఉద్యోగానికో జర్మనీ వెళ్ళదలచిన తెలుగువారిలో చాలామంది ఇరవై ఏళ్ళు దాటాకే ఆ భాష మొదలుపెడతారు. అలాంటివారికి జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె ఉచితంగా అందిస్తున్న 'నీకోస్ వేగ్' వీడియో కోర్సు ఎంతో మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

స్పెయిన్ నుంచి వచ్చిన నీకో అనే యువకుడు దిగీదిగగానే సంచీ పోగొట్టుకుంటాడు. అక్కడినుంచి అతని పరిచయాలు, ఇంటి వెతుకులాట, ఉద్యోగ ప్రయత్నాలు చిన్న చిన్న దృశ్యాలుగా సాగుతాయి. ప్రతి దృశ్యం వెంట అభ్యాసాలు ఉంటాయి. కథలో ఏమవుతుందోనన్న ఆసక్తే మనచేత వ్యాకరణం చదివిస్తుంది. పెద్దవాళ్ళకు భాష నేర్పే పద్ధతుల్లో నాకు ఇది అన్నిటికన్నా నచ్చింది.

జర్మన్ నేర్చుకోవడంలో తెలుగువారికి కొన్ని సౌలభ్యాలున్నాయి. 'దస్' (అని), 'వైల్' (ఎందుకంటే) వంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోవడం ఇంగ్లీషువారిని తికమకపెడుతుంది గాని, క్రియతో వాక్యం ముగించడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే. హ్రస్వ దీర్ఘాల తేడా మన చెవికి కొత్త కాదు. 'చలి', 'చాప' అన్నప్పుడు పలికే దంత్య చకారం జర్మన్‌లో అడుగడుగునా వినబడుతుంది. చిక్కంతా పెదవులను 'ఊ'కు చుట్టినట్టు చుట్టి 'ఈ' అనవలసిన అచ్చు దగ్గర, పదాంతంలో 'గ్' కాస్తా 'క్'గా మారే చోట (ఈ కోర్సు పేరునే అక్కడివారు 'వేక్' అని ముగిస్తారు), నామవాచకాల మూడు లింగాల దగ్గర వస్తుంది. వీటిని కోర్సు చక్కగా వినిపిస్తుంది, కాని మన నోటి పలుకును విని సరిదిద్దే గురువు ఇందులో లేడు.

మరి స్థానికుల్లా మాట్లాడగలమా? స్పానిష్ మాతృభాషగా ఉండి స్వీడిష్ బాగా నేర్చుకున్న 195 మందిపై జరిగిన పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. పన్నెండేళ్ళు దాటాక మొదలుపెట్టినవారిలో కొద్దిమందే స్వీడిష్ శ్రోతల చెవికి స్థానికులుగా వినిపించారు. ఆ కొద్దిమందిలోనూ లోతైన పరీక్షలన్నిటిలో స్థానికుల స్థాయిని అందుకున్నవారు లేరు. కనుక నెలల్లో స్థానికులను చేస్తామనే ప్రకటనలను నమ్మి డబ్బు పోయవద్దని వేడుకుంటున్నాను. రోగి బాధను తప్పులేకుండా అర్థం చేసుకుని, స్పష్టంగా బదులివ్వడానికి ఆ స్థాయి అవసరమూ లేదు. నర్సుగా గుర్తింపుకు సాధారణంగా అడిగేది బీ2 మాత్రమే, అంటే యూరప్ భాషాస్థాయిల్లో ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో నాలుగోది.

అయితే ఈ కోర్సు ఏ1తో మొదలై బీ1తో ఆగిపోతుంది. ఆ పై మెట్టుకు మనిషి ఎదురుగా కూర్చుని నేర్పే తరగతి తప్పదు. ఉచ్చారణ కోసమైతే మొదటి నెలనుంచే అలాంటి తరగతిలో చేరడం మంచిది. తీరిక దొరికినప్పుడు ఇదే సంస్థ నెమ్మదిగా చదివి వినిపించే వార్తలను, వాటితోపాటు ఇచ్చే రాతప్రతిని చూస్తూ, గొంతెత్తి వెంట చదవండి.