జేసెష్: చిత్రలిపిని పేర్చడం తెలిసిన సాఫ్ట్‌వేర్

ప్రాచీన ఈజిప్టు చిత్రలిపిని కంప్యూటర్‌లో రాయడానికి సెర్జ్ రోస్మోర్డుక్ రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ జేసెష్. పేరులోని ‘సెష్’ అనే మాటకు ఆ భాషలో లేఖకుడని అర్థం. ఈ లిపిలో గుర్తులు ఒకదాని వెంట ఒకటి బారుగా నడవవు. పైనా కిందా, పక్కపక్కనా చేరి చదరపు గుంపులుగా కుదురుకుంటాయి. అందువల్ల ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని గుర్తులున్నాయన్నదాని కంటే, అది వాటిని ఎంత పొందికగా పేర్చగలదన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ పరీక్షలో జేసెష్ నెగ్గుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఆధారం, చిత్రలిపిని మామూలు కీబోర్డు అక్షరాలతో రాసే 1988 నాటి ‘మాన్యుయెల్ ద కొడాజ్’ పద్ధతి. గుర్తుల మధ్య అడ్డగీత పెడితే కొత్త గుంపు మొదలవుతుంది, కోలన్ పెడితే తరువాతి గుర్తు కిందికి దిగుతుంది, నక్షత్రం పెడితే పక్కన చేరుతుంది. ‘హెతెప్’ అనే మాటకు ఆర్4:ఎక్స్1*క్యూ3 అని కొడితే, చాపపై రొట్టె ఉన్న గుర్తు పైన, చిన్న రొట్టె, పీట దాని కింద పక్కపక్కన, కొలిచినట్టు అమరుతాయి. ఆర్4 వంటి ఈ గుర్తుల సంకేతాలు (వీటిని గార్డినర్ సంకేతాలంటారు) నోటికి రానివారు ఉచ్చారణను టైపు చేసి స్పేస్ బార్ నొక్కుతూ పోతే, ఆ ధ్వని గల గుర్తులు ఒక్కొక్కటిగా వస్తాయి. కుడి నుంచి ఎడమకు రాయవచ్చు, నిలువు వరుసల్లోనూ రాయవచ్చు. శాసనంలో చెరిగిన భాగాన్ని గీతలతో నింపి చూపవచ్చు.

అయితే ఇందులో రాసినది వేరే పత్రంలోకి సాధారణంగా బొమ్మగానే వెళ్తుంది, అక్కడ దానిలో పదాలను వెతకలేము. వెతకడానికి వీలైన పాఠం కావాలంటే, అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌నే ఆశ్రయించాలి. 2009లో వెలువడిన దాని 5.2 సంచికలో 1,071 గుర్తులకు చోటు దొరికింది కానీ, వాటిని పేర్చే నియంత్రణ సంకేతాలు 2019లో 12వ సంచికతో గానీ రాలేదు. వత్తులన్నీ విడిపోయి, హల్లులు పొల్లులతో బారులు తీరిన తెలుగు పేజీని ఊహించుకుంటే ఆ పదేళ్ల అవస్థ అర్థమవుతుంది. 2024 నాటి 16వ సంచిక మరో 3,995 గుర్తులను చేర్చింది. ఇక వాటిని, ఆ సంకేతాలను సరిగా చూపే ఫాంటు దొరకాలి.

ముద్రణకు, పాఠాలకు నేను జేసెష్‌నే ఎంచుకుంటాను. బొమ్మలతో పాటు దాని మూల ఫైలును తప్పక దాచుకోవాలి. అందులో ఉండేది మామూలు అక్షరాల్లోని సంకేతమే గనుక, ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు.