పీయూ సీలెంట్ వేయిస్తున్నారా? ఖాళీ ట్యూబులు లెక్కపెట్టండి

అపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌పాన్షన్ జాయింట్లకు (భవనం సాగి ముడుచుకోవడానికి భాగాల మధ్య వదిలే సందులు), గోడ పగుళ్లకు పీయూ సీలెంట్ (పాలీయూరెథేన్, అంటే గట్టిపడ్డాక రబ్బరులా సాగే పూడిక సరుకు) వేయించాలనుకుంటున్నవాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. మాది హైదరాబాద్‌లో రెండు బ్లాకుల అపార్ట్‌మెంట్. బ్లాకుల మధ్య జాయింట్ నుంచి పై ఫ్లోర్ వాళ్ల బెడ్‌రూముల్లోకి నీళ్లు దిగుతుంటే, అసోసియేషన్ తరఫున ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరుకు ఎండాకాలంలోనే పని ఇచ్చాం. కంపెనీ పీయూ, పదేళ్ల గ్యారంటీ, రన్నింగ్ ఫీటుకు ఇంత అని మాట్లాడుకున్నాం. మొదటి గట్టి వానకే సీలెంట్ అంచుల వెంబడి ఊడొచ్చింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

వేరే మేస్త్రీని పిలిచి జానెడు ముక్క కోయించి చూశాం. పైన బూడిదరంగులో అట్టముక్కంత మందాన పొర. దాని కింద నలిపి కుక్కిన సిమెంటు సంచులు, ఊడగొట్టకుండా వదిలేసిన పాత మాలు. పొరను తిప్పి చూస్తే అడుగంతా బుడగలు. పీయూ గాలిలో ఉండే తేమతోనే గట్టిపడుతుంది, కానీ తడి జాయింట్‌లో వేస్తే నీటితో కలిసి గ్యాస్ పుట్టి ఇలా పొంగుతుంది. వీళ్లు పొద్దున పైపు పెట్టి జాయింట్ కడిగి, మధ్యాహ్నానికే సీలెంట్ వేసే గన్ పట్టుకున్నారు.

అసలు పని ఎలా ఉండాలంటే, సీలెంట్ రెండు పక్కల అంచులనే పట్టుకోవాలి, అడుగున అంటుకోకూడదు. అడుగున కూడా పట్టేస్తే జాయింట్ తెరుచుకున్నప్పుడు సాగలేక చిరుగుతుంది. అందుకే జాయింట్ కంటే కాస్త లావుగా ఉండే ఫోమ్ తాడు, బ్యాకర్ రాడ్ అంటారు, ముందు లోపలికి దూర్చి దానిమీద సీలెంట్ వేస్తారు. సీలెంట్ లోతు వెడల్పులో సుమారు సగం ఉండాలి. మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు. 20 మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లబడితే మళ్లీ ముడుచుకుంటుంది. 25 మిల్లీమీటర్ల జాయింట్‌లో మంచి పీయూ అటూ ఇటూ 25 శాతం, అంటే దాదాపు ఆ 6 మిల్లీమీటర్లే తట్టుకుంటుంది. పల్చటి పొర ఏం తట్టుకుంటుంది?

ఇక లెక్క. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 12 లోతు ఉన్న జాయింట్‌కు మీటరుకు 300 మిల్లీలీటర్ల సరుకు పడుతుంది. 600 మిల్లీలీటర్ల సాసేజ్ (ఈ సీలెంట్ వచ్చే పొడవాటి మెత్తటి ట్యూబు) ఒక్కోటి రెండు మీటర్లకు వస్తుంది. వంద అడుగులకు పదహారు కావాలి. మా వాచ్‌మన్ గోనెసంచిలో పోగేసిన ఖాళీలు తీసి చూస్తే, వంద అడుగులు దాటిన జాయింట్‌కు అరడజను కూడా లేవు. వాటిలోనూ కొన్నింటి మీద తేదీ గీకేసి ఉంది. ఈ సరుకు సాధారణంగా తయారైన ఏడాది లోపే వాడేయాలి. కాబట్టి సీలు విప్పకముందు తేదీ ఫొటో తీసుకోండి, ఖాళీలన్నీ అప్పజెప్పాకే చివరి పేమెంట్ అని ముందే చెప్పేయండి.

కిటికీ ఫ్రేముల చుట్టూ వేసింది అసలు పీయూనే కాదు. పనివాళ్లు చేతికంటింది కుళాయి కింద కడుక్కుంటే పోయింది. అలా నీళ్లకు పోతే అది అక్రిలిక్. పీయూ అంత తేలిగ్గా వదలదు. వెనిగర్ వాసన ఘాటుగా కొడితే సిలికాన్. ఇంటి లోపలి సన్న పగుళ్లకు అక్రిలిక్ చక్కగా సరిపోతుంది, కానీ పీయూ రేటు కట్టి అది ఎందుకు వేయించుకోవాలి?

అన్నిటికంటే ఒళ్లు మండించింది పార్కింగ్‌లో కాలమ్ పగులు. లోపలి రాడ్డు తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు నిలువునా బీటలువారింది. దానిమీద కూడా సీలెంట్ పూసి, రంగు కొట్టి, అడుగుల లెక్కన బిల్లు వేశాడు! సీలెంట్ నీళ్లను ఆపుతుందేమో గానీ బరువు మోయదు, లోపలి తుప్పునూ పోగొట్టదు. కాలమ్, బీమ్ పగుళ్లు కనిపిస్తే సీలెంట్ వాడిని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. మేం ఇప్పుడు ఆ రంగు గీకించి చూపిస్తున్నాం.

గ్యారంటీ కాగితం సంగతి మరీ విడ్డూరం. "భవనం కదలిక వల్ల వచ్చే లీకేజీలు గ్యారంటీ పరిధిలోకి రావు" అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెట్టేదే భవనం కదులుతుందని కదా! సంతకం పెట్టేముందు ఆ లైన్ కొట్టేయించండి.

బిల్లు కూడా జాగ్రత్త. మాకిచ్చిన దానిలో "వాటర్‌ప్రూఫింగ్ పని" అని ఒక్క ముక్కే ఉంది. దాంతో ఏ సరుకు వేస్తానన్నాడో చూపించడానికి వాట్సాప్ మెసేజ్‌లు వెతుక్కోవాల్సి వచ్చింది. సరుకు పేరు, జాయింట్ వెడల్పు, లోతు, బ్యాకర్ రాడ్, ఎన్ని సాసేజ్‌లు అన్నీ జీఎస్టీ బిల్లులోనే రాయించండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. పాత సీలెంట్ మొత్తం పీకించకుండా ఒక ముక్క అలాగే ఉంచి, ఫొటోలు తీశాకే కొత్త పని మొదలుపెట్టండి.