రెండేళ్లుగా కండోమ్ క్యాథెటర్ వాడిన అనుభవం

ప్రోస్టేట్ శస్త్రచికిత్స తర్వాత మూత్రం మీద అదుపు పోయిన నాకు మొదటి ఆరు నెలలు డైపర్లతోనే గడిచాయి. తొడలు ఒరుసుకుని మండడం కంటే, ఎక్కడ కూర్చున్నా తడి బయటికి కనిపిస్తుందేమోనన్న దిగులే నన్ను ఎక్కువగా కుంగదీసింది. వైద్యుని సలహాపై కండోమ్ క్యాథెటర్‌కు మారి ఇప్పటికి రెండేళ్లయింది. ఇది మూత్రాశయంలోకి దూర్చే గొట్టం కాదు. అంగానికి పైనుంచి తొడిగే పలుచని తొడుగు. దాని కొసకు తగిలించిన గొట్టం ద్వారా మూత్రం కాలికి కట్టుకున్న సంచిలోకి చేరుతుంది.

మొదటి వారంలోనే మూడుసార్లు ఊడిపోయింది. వస్తువు నాసిరకమనుకున్నాను గాని, తప్పు కొలతలో ఉంది. అంచనాగా 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది తెప్పించుకోగా, నర్సు కొలిచి చూసి నాకు 29 సరిపోతుందని తేల్చారు. వదులైతే కారుతుంది; బిగువైతే రక్తప్రసరణకు అడ్డుపడి చర్మాన్ని గాయపరుస్తుంది. అందుకే కొలవకుండా ఒక్క పెట్టె కూడా కొనవద్దని గట్టిగా చెబుతాను.

తొడిగే ముందు చేసే పనికీ అంతే విలువ ఉంది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, వెంట్రుకలను కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవాలి, నూనె, క్రీము, పౌడరు ఏవీ రాయకూడదు. కొస దగ్గర కొద్దిగా ఖాళీ వదిలి తొడిగాక, తొడుగు లోపలి జిగురు చర్మాన్ని పట్టుకునేలా అరచేతితో అర నిమిషం మృదువుగా అదిమి ఉంచుతాను. 24 గంటలకోసారి మారుస్తాను. తీసేటప్పుడు లాగకుండా, గోరువెచ్చని నీటితో తడిపి మెల్లగా చుట్టుకుంటూ తీస్తే చర్మం ఊడదు.

లేటెక్స్ (రబ్బరు) తొడుగు నాకు దురద తెచ్చింది. సిలికాన్‌ది పారదర్శకంగా ఉండడంతో లోపల చర్మం ఎర్రబడితే వెంటనే కనబడుతుంది, కాబట్టి దానికే కట్టుబడ్డాను.

పగటి సంచి 750 మిల్లీలీటర్లది; సగం నిండగానే ఖాళీ చేయకపోతే బరువుకు తొడుగు కిందికి జారుతుంది. రాత్రికి మంచం పక్కన వేలాడే రెండు లీటర్ల సంచి ఉంటుంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే దిగువనే ఉండాలి, గొట్టం మడత పడకూడదు. ఒక రాత్రి పక్కకు ఒత్తిగిలినప్పుడు గొట్టం మడతపడి, తొడుగు ఉబ్బి ఊడిపోయింది.

మూత్రం లోపలే నిలిచిపోయేవారికి ఇది పనికిరాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ అవకాశం లోపలి గొట్టంతో పోలిస్తే తక్కువే గాని, పూర్తిగా లేకపోలేదు. చర్మం కమిలిన రోజున నేను దీన్ని పక్కన పెట్టి, మానే వరకు మళ్లీ డైపరే వాడుతున్నాను.