ఆరేళ్ల ప్లింక్ వాడకం: అత్తకు గడి లేని ఫైలు

ఆరేళ్ల కింద నల్లగొండలో, ఎనిమిది జీబీల పాత ల్యాప్‌టాప్‌ల ప్లింక్ అనే జన్యు డేటా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న. పుట్టుచెవుడు ఉన్న కుటుంబాల డేటాలో కారణమైన జన్యువు ఎక్కడుందో వెతకడం నా పని. సాఫ్ట్‌వేర్ ఉచితం. 2007లో షాన్ పర్సెల్ బృందం తెచ్చింది. నేను వాడేది క్రిస్టఫర్ చాంగ్ తిరగరాసిన 1.9 వెర్షన్, లక్షల స్నిప్‌లు (డీఎన్ఏల మనిషికీ మనిషికీ తేడా ఉండే ఒక్క అక్షరం చోట్లు) ఉన్న ఫైలునైనా చాయ్ చల్లారకముందే వడపోస్తది.

జబ్బున్నోళ్లను, లేనోళ్లను పోల్చే పెద్ద అసోసియేషన్ స్టడీలకు వేలమంది కావాలె. మాకు దొరికేది ఇంటికి నలుగురైదుగురు. అందుకే నాకు అక్కరకొచ్చింది హోమోజైగ్ కమాండ్. మేనరికంలో పుట్టిన పిల్లలకు ఒకే పూర్వీకుడి ముక్క అమ్మ నుంచీ నాయన నుంచీ వస్తది. ఆ జంట ముక్కలను ఇది పట్టిస్తది. చెవుడున్న తోబుట్టువులందరిలో ఉండి, వినబడే వాళ్లలో లేని ముక్క ఉంటే, వెతకాల్సింది ఆడనే. ఒక ఇంట్లో అది 13వ క్రోమోజోమ్ మీద, జీజేబీ2 అనే వినికిడి జన్యువు ఉన్న చోటనే పడ్డది. అసలు మార్పేందో తేల్చింది మాత్రం డీఎన్ఏను అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగే, ప్లింక్ కాదు.

తిట్టుకున్న దినాలూ ఉన్నయ్. దీనికి జబ్బుంటే 2, లేకుంటే 1, 0 అంటే తెలియదని. నేను ఉంటే 1, లేకుంటే 0 అని పెట్టిన. చెవుడున్నోళ్లంతా మంచిగున్నోళ్ల కింద జమైన్రు. 'కేసులు 0' అని లాగ్‌లో రాసే ఉన్నది, చదివితే గదా! హార్డీ-వైన్‌బర్గ్ వడపోత (జన్యురకాల లెక్క అంచనాకు దూరమున్న స్నిప్‌లను తీసేసేది) కూడా ట్యుటోరియల్‌లో ఉన్నదని గట్టిగ పెట్టొద్దు. మేనరికాలున్న చోట మంచి స్నిప్‌లు కూడా కొట్టుకపోతయ్.

దేవరకొండ దిక్కు ఒక ఇంటి లెక్క మాత్రం చాన దినాలు తెగలే. తల్లిదండ్రులు బావామరదళ్లు, ఆమె ఈయన మేనమామ బిడ్డ. అట్లయితే పిల్లల మొత్తం డీఎన్ఏల జంట ముక్కలు 6.25 శాతం దగ్గర ఉండాలె. ముగ్గురికీ 15 దాటింది. ముక్క కనీస పొడవు పెంచిన, ప్లింక్ ఒక్కసారికి చూసే కిటికీలో స్నిప్‌ల సంఖ్య మార్చిన, శాతం దిగలే. ఆఖరికి మళ్ల ఆ ఊరు పోయి పిల్లల నాయనమ్మను అడిగిన.

"అవ్వా, మీ అత్త పేరు రాసుకున్న గదా, ఆమె ఎవరి బిడ్డ?"

"ఎవరి బిడ్డ ఏంది బిడ్డా, మా నాయన సొంత చెల్లె. ఆమె బిడ్డనే మా తమ్మునికి చేసుకున్నం, కుండమార్పిడి."

మన దగ్గర మొగుని తల్లీ అత్తనే, నాయన చెల్లే అత్తనే. ఆమె రెండూ కలిపి ఒక్క మాట చెప్పింది, నేను సగం రాసుకున్న. అక్కాతమ్ముళ్లిద్దరి పెళ్లిళ్లూ సరిగ్గ గీస్తే లెక్క 15.6 వచ్చింది. ప్లింక్‌కు ఎవరు ఎవరి పిల్లలో చెప్పే ఫ్యామ్ ఫైల్లో తండ్రికో గడి, తల్లికో గడి, అంతే. ఇప్పుడు ఏ ఇంట్లనైనా అత్త అన్న మాట వస్తే, పెన్ను ఆపి 'ఏ అత్త?' అని అడుగుతున్న.