భౌగోళికమా, భూగర్భమా, భూవైజ్ఞానికమా: ఏది మేలు?

శిలల గురించి, వాటి పొరల గురించి తెలుగులో రాసేవారికి ‘జియలాజికల్’ అన్న విశేషణం దగ్గర కలం ఆగుతుంది. భౌగోళిక, భూగర్భ, భూవైజ్ఞానిక అనే మూడు మాటలూ వాడుకలో కనిపిస్తాయి గాని, వాటి అర్థాలు ఒకటి కావు.

వీటిలో ‘భౌగోళిక’ను ముందుగా పక్కన పెట్టవచ్చు. అది భూగోళ శాస్త్రానికి చెందిన మాట. భౌగోళిక సరిహద్దులు, భౌగోళిక గుర్తింపు అన్నప్పుడు స్థలం, దూరం, నదులు, జనావాసాలు మనసులో మెదులుతాయి తప్ప రాళ్లు మెదలవు. ఆనకట్ట పునాది కింద సున్నపురాయిలో నీటికి కరిగి ఏర్పడిన బొరియలు బయటపడి పని ఆగిపోయిందనుకుందాం. దానిని ‘భౌగోళిక కారణాలు’ అని రాస్తే, ఆ చోటు మారుమూలనో కొండల మధ్యనో ఉన్నందువల్ల పని ఆగిందని పాఠకుడు అనుకుంటాడు. ఇది చిన్న పొరపాటు కాదు, అసలు కారణమే మారిపోయింది.

‘భూగర్భ’ విషయం ఇంత తేలికగా తేలదు. భూగర్భ శాస్త్రం, భూగర్భ శాస్త్రవేత్త అన్న పేర్లు పాఠ్యపుస్తకాల ద్వారా స్థిరపడ్డాయి, వాటిని ఇప్పుడు మార్చబూనడం అనవసరమని నా అభిప్రాయం. చిక్కంతా ఆ మాట ఒంటరిగా విశేషణమైనప్పుడే వస్తుంది. భూగర్భ జలాలు, భూగర్భ గని, భూగర్భ అణుపరీక్ష అన్నచోట్ల దాని అర్థం ‘నేల లోపలి’ అని మాత్రమే. అందువల్ల ‘భూగర్భ సర్వే’ అంటే నీటి కోసం చేసినదో, శిలల కోసం చేసినదో తెలియదు. పైగా ఈ శాస్త్రం చూసేది నేల లోపలి సంగతులనే కాదు. విలియం స్మిత్ 1815లో ప్రచురించిన ఇంగ్లండ్, వేల్స్ పటాన్నే తీసుకోండి. కాలువల తవ్వకాల్లో సర్వేయరుగా పనిచేస్తూ, తెగిన గట్లలో పొరల వరుసను, ఒక్కో పొరలోని శిలాజాలను గమనించిన ఆయన, ఏ పొర ఎక్కడ నేలపైకి తేలుతుందో ఒక్కోదానికి ఒక్కో రంగు వేసి చూపాడు. దానిని ‘భూగర్భ పటం’ అంటే లోతుల్లో ఉన్నదేదో గీసినట్టు తోస్తుంది, ‘భౌగోళిక పటం’ అంటే ఊళ్లు, నదులు గీసినట్టు తోస్తుంది. ‘భూవైజ్ఞానిక పటం’ అన్నప్పుడే ఆ రంగులకు అర్థం కుదురుతుంది.

‘భూవైజ్ఞానిక’ బరువైన మాట, నోటికి తొందరగా పట్టదు. శాస్త్రం పేరు నుంచి పుట్టింది కాబట్టి ‘భూవైజ్ఞానిక కాలం’ అన్నప్పుడు కాలానికి విజ్ఞానంతో పనేమిటన్న ఆక్షేపణ కూడా న్యాయమైనదే. అయినా సుమారు 454 కోట్ల ఏళ్ల భూమి చరిత్రను విభజించే కాలమానానికి, శిలల సర్వేకు, పటానికి వేరే అర్థం రానివ్వని మాట ఈ మూడింటిలో ఇదొక్కటే. అందుకే విశేషణంగా నేను దీనినే ఎంచుకుంటాను. (‘భూభౌతిక’ దీనికి పర్యాయపదం కాదు. అది గురుత్వం, అయస్కాంతత్వం, భూకంప తరంగాల వంటి భౌతిక కొలతలకు సంబంధించినది.)

అయితే ఈ మాట కూడా అవసరం లేని చోట్లు ఉన్నాయి. ఆ ఆనకట్ట సంగతినే రాయవలసి వస్తే ‘భూవైజ్ఞానిక పరిస్థితులు అనుకూలించలేదు’ అనడం కంటే ‘పునాది కింది సున్నపురాయిలో బొరియలున్నాయి’ అని రాయడమే మేలు.